పొలంలో నేల తేమ వ్యత్యాసం

ఒకే పొలంలో, ఒకే రోజున, ఒక చోటికీ మరొక చోటికీ నేలలోని నీటి పరిమాణంలో కనిపించే తేడాను నేల తేమ వ్యత్యాసం అంటారు. ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే వాన పొందిన రెండెకరాల చేనులో ఒక మూల పైరు మోకాలి ఎత్తున, మరొక మూల నడుము ఎత్తున ఉండడం రైతులందరికీ తెలిసిన విషయమే. ఇందుకు ఎరువు సమంగా పడకపోవడం, చీడపీడలు, మొలక సరిగా రాకపోవడం వంటి కారణాలు కూడా ఉండవచ్చు. కాని వర్షాధారపు సాగులో ముందుగా చూడవలసినది నీటినే. పొలం మొత్తానికి సగటున ఎంత తేమ ఉన్నదన్న అంకె ఒక్కటే దిగుబడిని చెప్పలేదు. ఆ తేమ పొలంలో ఎలా పంపిణీ అయి ఉన్నదో కూడా తెలియాలి. ఈ వ్యాసంలో ప్రధానంగా దక్కను పీఠభూమి ఎర్రనేలలను, నల్లరేగడి నేలలను ఉదాహరణగా తీసుకొనడమైనది.

నేల నీటిని పట్టి ఉంచే తీరు

మట్టి రేణువుల మధ్య పెద్దవి, చిన్నవి అయిన ఖాళీలు ఉంటాయి. గట్టి వాన కురిసినప్పుడు ఇవన్నీ నీటితో నిండుతాయి. పెద్ద ఖాళీలలోని నీరు భూమ్యాకర్షణ వలన రెండు మూడు రోజులలో కిందికి దిగిపోతుంది. బంకమట్టి నేలలలో ఇందుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అటుపిమ్మట సన్న ఖాళీలలో కేశనాళిక బలం వలన నిలిచిపోయిన తేమను క్షేత్ర సామర్థ్యం అంటారు. రైతులు 'పదును' అని పిలిచేది ఈ స్థితికి కొంచెం దిగువన, నాగలికి మట్టి అంటుకోకుండా విరిగే స్థితి.

మొక్క నీటిని తీసుకొంటున్న కొద్దీ మిగిలిన నీటిని మట్టి ఇంకా గట్టిగా పట్టుకొంటుంది. వాతావరణ పీడనానికి సుమారు 15 రెట్ల చూషణ పెట్టినా రాని నీరు సాధారణంగా వేరుకు కూడా అందదు. అప్పుడు వడలిన మొక్క రాత్రి చల్లదనంలో కూడా తేరుకోదు. దీనిని శాశ్వత వడలు స్థానం అంటారు. క్షేత్ర సామర్థ్యానికీ, ఈ స్థానానికీ మధ్య ఉన్న నీరే మొక్కకు పనికివచ్చే లభ్య జలం. ఒక మీటరు లోతు నేలలో ఇది ఇసుక పాలు ఎక్కువైన నేలలకు సుమారు 60 నుండి 100 మిల్లీమీటర్లు, మంచి గరప నేలలకు 150 మిల్లీమీటర్ల పైచిలుకు, లోతైన నల్లరేగడికి 200 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరు అంటే సుమారు 4,047 లీటర్లు. కనుక 100 మిల్లీమీటర్ల తేడా అంటే ఎకరానికి నాలుగు లక్షల లీటర్ల తేడా.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఒకటి ఉంది. తేమ శాతం ఎక్కువగా ఉన్న నేలలో మొక్క సుఖంగా ఉంటుందని అనుకొంటారు. బరువు లెక్కన 12 శాతం తేమ ఉన్న ఇసుకపాటి ఎర్రనేలలో వేరుశనగ నిక్షేపంగా నిలబడుతుంది. అదే 12 శాతం తేమ ఉన్న నల్లరేగడిలో మొక్క వడలిపోతుంది, ఎందుకంటే ఆ నీటిని బంకమట్టి వదిలిపెట్టదు. ఒకే పొలంలో రెండు రకాల మట్టి ఉన్నప్పుడు తేమ శాతాలను నేరుగా పోల్చడం వలన ప్రయోజనం లేదు.

తేడాలు ఎందుకు వస్తాయి

అన్నిటికన్నా ముఖ్యమైనది నేల లోతు. పైకి సమంగా కనిపించే చేను కింద రాయి లేదా సున్నపు గరుసు ఒకచోట రెండడుగుల లోతున, మరొకచోట నాలుగడుగుల లోతున తగలవచ్చు. కర్నూలు, ప్రకాశం ప్రాంతాల నల్లనేలలలో వానాకాలం ముగిశాక నేలలో నిలువ ఉన్న తేమ మీదనే శనగ పండిస్తారు. అక్కడ మీటరుకు 180 మిల్లీమీటర్ల లభ్య జలం ఉన్నదనుకొంటే, 60 సెంటీమీటర్ల లోతు ఉన్నచోట పైరుకు దొరికేది 108 మిల్లీమీటర్లు, 120 సెంటీమీటర్ల లోతు ఉన్నచోట 216 మిల్లీమీటర్లు. విత్తిన తరువాత వాన పడకపోతే ఈ రెండు చోట్ల పెరిగేది ఒకే పంట అనుకోవడానికి లేదు.

రెండవది వాలు. నూటికి ఒక అడుగు వాలు కంటికి ఆనదు గాని నీటికి బాగా తెలుస్తుంది. మెరక మీద పడిన వానలో కొంత అక్కడ ఇంకకుండానే పల్లానికి చేరుతుంది. అనగా వర్షమాపకం 50 మిల్లీమీటర్లు చూపినప్పుడు మెరకకు 35, పల్లానికి 65 అందినా ఆశ్చర్యపోవలసిన పని లేదు. ఎర్రనేలలలో ఈ తేడా మరీ హెచ్చు. వాన చినుకుల దెబ్బకు పైమట్టి మెత్తబడి, ఎండగానే పెచ్చు కట్టి, తరువాతి వానను లోపలికి పోనివ్వదు.

ఇవి కాక మనిషి చేతి వలన వచ్చిన తేడాలు ఉంటాయి. ట్రాక్టరు మళ్ళే కొసలలో మట్టి అణగి గట్టిపడుతుంది. ఏళ్ళ తరబడి గొర్రెల మందలు కట్టిన చోట సేంద్రియ పదార్థం పెరిగి తేమ నిలుస్తుంది. గట్టు మీది తుమ్మ, వేప చెట్ల వేళ్ళు చేనులోకి చొచ్చుకొని వచ్చి ఆ మేరకు పైరు నీటిని లాగేస్తాయి.

చెలక నుండి రేగడి వరకు

తెలంగాణలో చాలా ఊళ్ళలో గుట్ట పాదం నుండి చెరువు వరకు నడిస్తే మట్టి వరుసగా మారుతుంది. పైన గులకరాళ్ళతో కూడిన పలుచని ఎర్రనేల, దాని దిగువన కాస్త లోతైన చెలక, కింద వాగు దగ్గర నల్లనేల లేదా బూడిదరంగు నేల. ఇలా వాలు వెంట ఒక క్రమంలో మారే నేలల వరుసకు, తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన జెఫ్రీ మిల్న్ 1930లలో 'కెటీనా' అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో దీనికి గొలుసు అని అర్థం. పటాన్‌చెరువు దగ్గర 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రంలో ఎర్రనేలలు, నల్లనేలలు రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

ఈ వరుసను గమనించిన రైతులు పైన ఆముదం, ఉలవ, మధ్యన జొన్న, కంది, చెరువు కింద వరి వేసేవారు. భూములు పంచుకొనేటప్పుడు కొన్ని కుటుంబాలలో మెరకలోనూ పల్లంలోనూ చెరొక ముక్క తీసుకోవడం కూడా ఈ జ్ఞానంలోనిదే. ఒక్కొక్కరికి నాలుగు చోట్ల నాలుగు ముక్కలు ఉండడాన్ని వెనుకబాటుతనంగా మాత్రమే చూసే పుస్తకాలు ఈ సంగతిని తగినంతగా పట్టించుకోలేదు.

నీటికీ దిగుబడికీ సంబంధం

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో ప్రచురించిన 33వ సాగునీటి పత్రంలో డోరెన్‌బోస్, కస్సాం ఒక సులభమైన సూత్రం ఇచ్చారు. పైరు, నేల కలిసి ఆవిరిగా విడువవలసిన నీటిలో ఎంత భాగం తగ్గినదో చూసి, దానిని పంటకు చెందిన ఒక గుణకంతో హెచ్చవేస్తే దిగుబడిలో ఎంత భాగం తగ్గుతుందో వస్తుంది. మొత్తం పంటకాలానికి ఈ గుణకం మొక్కజొన్నకు 1.25, జొన్నకు 0.9, పత్తికి 0.85, వేరుశనగకు 0.7. అంటే నీరు 20 శాతం తగ్గితే మొక్కజొన్న 25 శాతం, వేరుశనగ 14 శాతం దిగుబడి కోల్పోతాయి. పూత దశ ఒక్కదానినే తీసుకొంటే మొక్కజొన్న గుణకం 1.5కు పెరుగుతుంది. ఆ పది పదిహేను రోజులలో బెట్ట తగిలిన మెరక భాగంలో కండెలు సగం గింజలతోనే నిలిచిపోతాయి. ఆ తరువాత ఎంత వాన కురిసినా ఆ నష్టం తీరదు.

వేరుశనగ సంగతి కొంత ప్రత్యేకం. పూత తరువాత ఊడలు భూమిలోకి దిగాలంటే పై మట్టి మెత్తగా ఉండాలి. లోపల ఎంత తేమ ఉన్నా పై రెండంగుళాలు ఎండి పెచ్చు కట్టితే ఊడ గాలిలోనే ఎండిపోతుంది. పైగా కాయకు కావలసిన కాల్షియంను కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుండి తీసుకొంటుంది. ఆ మట్టిలో తేమ లేకపోతే కాల్షియం అందక కాయలు లొట్టలవుతాయి. అనంతపురం ప్రాంతపు ఎర్రనేలలలో ఒకే చేనులో ఒక సాలు నిండుగా, మరొక సాలు తాలుగా రావడానికి ఇది ఒక కారణం.

పై సూత్రం కొరతనే లెక్కిస్తుంది, అధిక నీటిని కాదు. పల్లంలో నీరు నిలిచినప్పుడు వేళ్ళకు ప్రాణవాయువు అందదు, ఎందుకంటే ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నేలలోని సూక్ష్మజీవులు నత్రజనిని వాయు రూపంలోకి మార్చి గాలిలో కలిపేస్తాయి. ఆకులు పసుపుబారుతాయి. లేత దశలో ఉన్న మొక్కజొన్న, కంది నిలువ నీటిని తట్టుకోలేవు. వరికి ఆ బాధ లేదు, కాండంలోని గాలి గొట్టాల ద్వారా అది వేళ్ళకు ఆక్సిజన్ పంపుకొంటుంది.

సగటు ఎందుకు మోసగిస్తుంది

దీనిని ఒక ఊహాపరమైన లెక్కతో చూద్దాం. ఒక పంటకు కాలం మొత్తం మీద 300 మిల్లీమీటర్ల నీరు అందితే ఎకరానికి 10 క్వింటాళ్ళు, 400 అందితే 16, 500 అందితే 20, 600 అందినా 20, 700 అందితే నీరు నిలిచి 17 క్వింటాళ్ళు వస్తాయని అనుకొందాం.

పొలమంతటా సమంగా 500 మిల్లీమీటర్లు ఉంటే ఎకరానికి 20 క్వింటాళ్ళు. సగం పొలానికి 400, మిగతా సగానికి 600 అందితే సగటు నీరు 500 మిల్లీమీటర్లే, కాని సగటు దిగుబడి 18 క్వింటాళ్ళు. సగానికి 300, సగానికి 700 అయితే అప్పుడు కూడా సగటు నీరు 500 మిల్లీమీటర్లే. దిగుబడి మాత్రం 13.5 క్వింటాళ్ళకు పడిపోతుంది. ఎక్కడా ఒక్క చుక్క నీరు తగ్గలేదు, అయినా మూడవ వంతు పంట పోయింది. నీరు పెరిగే కొద్దీ దిగుబడి పెరుగుదల మందగించి, చివరకు వెనుదిరుగుతుంది కనుక, పల్లం అదనంగా సంపాదించేది మెరక పోగొట్టుకొన్న దానిని పూడ్చలేదు. సగటును లెక్కల పుస్తకంలో ఎంతో నమ్మకంగా నేర్పే మాబోటి వారికి ఇది కాస్త ఇబ్బంది కలిగించే ఉదాహరణ.

అయితే ఈ లెక్క తలకిందులయ్యే పరిస్థితి కూడా ఉన్నది. సగటు నీరు పంట నిలబడడానికి కావలసిన కనీసం కంటే తక్కువైనప్పుడు, నీరు సమంగా పంపిణీ అయితే పొలమంతా ఎండుతుంది. అసమంగా ఉంటే పల్లపు భాగమైనా గింజ ఇస్తుంది, కనీసం పశువులకు చొప్ప, మరుసటి ఏటికి విత్తనం మిగులుతాయి. కనుక వ్యత్యాసం ఎల్లప్పుడూ నష్టమేనని చెప్పడం సరికాదు.

ఒకే పొలంలో మంచి భాగం, చెడ్డ భాగం ఏటేటా తారుమారు కావడానికి కారణం ఇదే. కరవు ఏడు పల్లం నిలుస్తుంది, అతివృష్టి ఏడు మెరక నిలుస్తుంది. నాలుగైదేళ్ళ దిగుబడులను కలిపి సగటు పటం గీస్తే రెండూ ఒకేలా కనిపించి అసలు విషయం మరుగున పడుతుంది.

పరిశోధనలు

ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో మెర్సర్, హాల్ 1910లో సమంగా కనిపించే సుమారు ఒక ఎకరం గోధుమ చేనును 500 చిన్న మడులుగా విభజించి, దేని గింజలను దానికి విడిగా తూచారు. 1911లో ప్రచురించిన ఫలితాలలో అతి తక్కువ మడి 2.73 పౌన్లు, అతి ఎక్కువ మడి 5.16 పౌన్లు ఇచ్చాయి. దాదాపు రెట్టింపు తేడా! 1981లో మెక్‌బ్రాట్నీ, వెబ్‌స్టర్ అవే అంకెలను గణితపరంగా విశ్లేషించి, వాటిలో క్రమం తప్పకుండా తిరిగివచ్చే హెచ్చుతగ్గులు ఉన్నాయనీ, అవి పూర్వకాలంలో ఎత్తు బోదెలు, సాళ్ళుగా దున్నిన పద్ధతి జాడలనీ సూచించారు. పొలం ముఖం చదునైనా పాత దున్నకపు గుర్తు పంటలో మిగిలి ఉన్నదన్నమాట.

కాలిఫోర్నియాలో నీల్సన్, బిగర్, ఎర్ 150 హెక్టార్ల క్షేత్రంలో 20 చోట్ల, వేర్వేరు లోతులలో చేసిన కొలతలను 1973లో ప్రకటించారు. తేమ శాతంలో తేడా ఓ మోస్తరుగానే ఉన్నా, నేలలో నీరు కదిలే వేగంలో తేడా ఎన్నో రెట్లు ఎక్కువ అని తేలింది. 1985లో ఫ్రాన్సుకు చెందిన వాషో, ఆయన సహచరులు మరొక ఉపయోగకరమైన సంగతి గమనించారు. పొలం మొత్తం తడిసినా ఎండినా, తడి చోట్లు ఇతర చోట్లకంటే తడిగానూ, పొడి చోట్లు పొడిగానూ ఉండే వరుస చాలావరకు మారదు. కనుక పొలం సగటుకు దగ్గరగా ఉండే చోటును ఒకసారి గుర్తిస్తే, తరువాత ఆ ఒక్కచోట కొలిచి సగటును అంచనా కట్టవచ్చు.

కొలిచే పద్ధతులు

అతి పాత పద్ధతి పిడికెడు మట్టిని ముద్ద చేసి చూడడం. అనుభవం ఉన్న చేతికి ఇది చాలు. ప్రయోగశాలలో తడిమట్టిని తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్ళీ తూస్తారు. 120 గ్రాముల తడిమట్టి 100 గ్రాములైతే తేమ 20 శాతం. ఆ నేల సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.3 గ్రాములైతే ఘనపరిమాణం లెక్కన 26 శాతం, అంటే పై 30 సెంటీమీటర్ల మట్టిలో 78 మిల్లీమీటర్ల నీరు. నేల చూషణను కొలిచే టెన్షియోమీటరు, విద్యుత్ ధర్మాల ఆధారంగా తేమను చూపే సెన్సార్లు కూడా వాడుకలో ఉన్నాయి.

ఎన్ని చోట్ల కొలవాలన్నది అసలు ప్రశ్న. పొలంలో తేమ ప్రామాణిక విచలనం 4 శాతం ఉండి, సగటును 2 శాతం తేడా లోపల తెలుసుకోవాలంటే సుమారు 16 నమూనాలు కావాలి. 1 శాతం లోపల కావాలంటే 64. గట్టు పక్కన ఒక్క గుంట తవ్వి పొలమంతటికీ తీర్పు చెప్పడం ఎంత బలహీనమో దీనిని బట్టి ఊహించవచ్చు. 2009లో ప్రయోగించిన స్మాస్, 2015లో ప్రయోగించిన స్మాప్ ఉపగ్రహాలు భూమి అంతటి పైమట్టి తేమను కొలిచే ఉద్దేశ్యంతో తయారైనవి. కాని వాటి రేడియోమీటర్లకు కనిపించే ఒక్కొక్క చుక్క భూమి మీద పదుల కిలోమీటర్ల వెడల్పు. అందులో కొన్ని మండలాలు ఇమిడిపోతాయి, పొలం మెరకా పల్లమూ కనిపించవు.

సవరించే మార్గాలు

వరి మడిని చదును చేయడం అందరికీ తెలిసినదే. మడిలో పది సెంటీమీటర్ల ఎగుడుదిగుడు ఉంటే మెరక మూల తడి అయ్యేసరికి పల్లపు మూల నారు మునుగుతుంది, మెరకలో కలుపు పెరుగుతుంది. లేజరుతో పనిచేసే చదును యంత్రాలు వచ్చాక ఈ పని కచ్చితంగా చేయడం వీలైంది. కాని మెట్టభూములలో లోతు తక్కువైన ఎర్రనేలను చదును కోసం గీకితే పైనున్న సారవంతమైన కొద్ది మట్టి పోయి గరుసు బయటపడుతుంది. అక్కడ వాలుకు అడ్డంగా దున్నడం, విత్తడం, సమతల గట్లు వేయడమే మేలు.

నల్లనేలలకు ఇక్రిశాట్ రూపొందించిన వెడల్పు బోదె, కాలువ పద్ధతిలో సుమారు 150 సెంటీమీటర్లకు ఒక బోదె, కాలువ జత వచ్చేటట్లు స్వల్ప వాలుతో వేస్తారు. అధిక వానలో మురుగు బయటికి పోతుంది, కొద్దిపాటి వానలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది. చెరువు పూడికమట్టిని చెలకలకు తోలడం పాత అలవాటు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు పొలాలకు తరలించుకొన్నారు. అందులోని బంకమట్టి ఇసుక నేలకు నీటిని పట్టే శక్తినిస్తుంది. దీనిని పొలమంతటా పలుచగా వెదజల్లే కంటే పొడి చోట్లను గుర్తించి అక్కడ మందంగా వేయడం లాభదాయకమని పై లెక్క చెబుతుంది.

బిందు సేద్యం నీటిని మొక్క మొక్కకూ సమంగా ఇస్తుంది. మట్టి మాత్రం సమం కాదు. లోతు తక్కువైన చోట అదే నీరు వేళ్ళను దాటి పోతుంది, అక్కడ కొద్దికొద్దిగా తరచుగా ఇవ్వవలసి ఉంటుంది.

పంటల బీమాతో సంబంధం

భారతదేశంలో వర్షపాత సూచిక ఆధారంగా బీమా మొదటగా 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులతో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. ఇందులో పరిహారం వర్షమాపక కేంద్రపు అంకె మీద ఆధారపడుతుంది. కేంద్రానికి దూరంగా వాన తక్కువ పడినా, దగ్గరే పడిన వాన మెరక నుండి జారిపోయినా, ఆ అంకెలో కనిపించదు.

2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన దిగుబడిని ఆధారంగా తీసుకొన్నది. ముఖ్యమైన పంటలకు గ్రామం లేదా గ్రామపంచాయతీని యూనిట్‌గా నిర్ణయించి, ఒక్కొక్క యూనిట్‌లో కనీసం నాలుగు పంటకోత ప్రయోగాలు చేయాలని నిబంధన పెట్టారు. ప్రయోగపు మడి చాలా పంటలకు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే నాలుగింటికీ కలిపి 100 చదరపు మీటర్లు. పొలాలను యాదృచ్ఛికంగానే ఎంపిక చేస్తారు గనుక ఇందులో పక్షపాతం లేదు. కాని వాలు వెంట నేలలు మారే ఊరిలో ఈ నాలుగు మడులు ఎక్కడ పడ్డాయన్న దాని మీద సగటు చాలా మారగలదు. వడగండ్లు, ముంపు వంటి స్థానిక ఉపద్రవాలకు ఒక్కొక్క పొలాన్ని విడిగా పరిశీలించే వీలు ఆ పథకంలో కల్పించారు. ముంపు విషయంలో ఏ పంటలకు వర్తిస్తుందన్న నిబంధన మధ్యలో మారింది. బెట్టకు మాత్రం యూనిట్ సగటే ప్రమాణం. పల్లంలోని పొలాలు బాగా పండి ఊరి సగటు నిలబడినప్పుడు, గుట్ట కింద పలుచని చెలకలో పూర్తిగా ఎండిన చేనుకు ఆ లెక్క ప్రకారం నష్టం జరగనట్లే.